కమ్యూనిటీ ట్యాంక్‌లో మగ ఫైటర్: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

మగ ఫైటర్ చేపని (బెట్టా) ఇంకే చేపతోనూ కలపకూడదని కొందరు, కమ్యూనిటీ ట్యాంక్‌లో (రకరకాల చేపలు కలిసి ఉండే ట్యాంక్) దేంతోనైనా వేసేయొచ్చని కొందరు చెప్తుంటారు, రెండూ పూర్తిగా కరెక్ట్ కాదు. రెండు మగ ఫైటర్లు ఒకే ట్యాంక్‌లో మాత్రం ఎప్పుడూ వద్దు. మిగతాదంతా ట్యాంక్ సైజు, పక్కనున్న చేపలు, అన్నిటికంటే ఎక్కువగా ఆ ఒక్క చేప గుణం మీద ఉంటుంది. అందుకే వేసే ముందే 20 లీటర్ల స్పేర్ ట్యాంక్ ఒకటి హీటర్‌తో సిద్ధంగా ఉంచుకోండి, దానికి వాడబోయే స్పాంజ్ ఫిల్టర్‌ని కొన్ని వారాల ముందు నుంచే పెద్ద ట్యాంక్‌లో నడిపిస్తే చేపల వ్యర్థాల్ని శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా పట్టి ఉంటుంది, గొడవైన రోజున పరుగులు పెట్టక్కర్లేదు.

సమస్య: వేయగానే అందరి వెంటా పడుతోంది

మొప్పల మూతలు విప్పి రెక్కలు పరిచి కాసేపు బెదిరించి వెళ్లిపోతే కంగారు పడకండి, అది దాని పద్ధతి. ఒకే చేపని మూలకి తరిమి తరిమి కొరుకుతుంటే మాత్రం ఆలోచించాలి. చాలాసార్లు కారణం పక్క చేప రూపమే: పొడవు తోకలు, మెరిసే రంగులు ఉన్న మగ గప్పీలని చూసి ఇంకో మగ ఫైటర్ అనుకుంటుంది. గౌరామీలైతే దాని కుటుంబానివే, వాటికీ సొంత జాగా పట్టింపు ఉంటుంది కాబట్టి ఇద్దరికీ పడదు. ఇలాంటివి తీసేయాల్సిందే. ఎంబర్ టెట్రాలు, హార్లెక్విన్ రాస్‌బోరాలు, అడుగున తిరిగే కోరిడోరాస్, కూలీ లోచ్‌లు ఎక్కువగా సర్దుకుంటాయి, అది కూడా ఆరేసి చొప్పున గుంపుగా ఉంటేనే, ట్యాంక్ కూడా 60 లీటర్లకి తగ్గకుండా ఉంటే మంచిది.

రెండో కారణం, ఫైటర్ ముందు నుంచీ అక్కడే ఉండి మిగతావి తర్వాత రావడం. అప్పటికే ట్యాంకంతా నాదే అని ఫిక్స్ అయిపోయి ఉంటుంది కదా. ఫైటర్‌ని బయటికి తీసి, రాళ్లు, చెక్కలు, మొక్కలు అన్నీ చోటు మార్చి, కొత్త చేపల్ని ముందు వదిలి, ఫైటర్‌ని చివర్లో వేయండి. వేసేటప్పుడు కూడా నీళ్లు ఆడే పారదర్శకమైన బాక్స్‌లో ఒకట్రెండు రోజులు ట్యాంక్‌లోనే వేలాడదీసి ఒకరికొకరు అలవాటయ్యాక లైట్లు ఆపేసి వదిలితే గొడవ తగ్గుతుంది. ఇంత చేసినా రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఇంక చూడొద్దు, స్పేర్ ట్యాంక్‌కి మార్చేయండి. కొన్ని ఫైటర్లు ఒంటరిగానే హాయిగా ఉంటాయి, దాన్ని బలవంతం చేయడం అన్యాయం.

సమస్య: తోక చిరుగుతోంది

ఇక్కడే ఎక్కువమంది తొందరపడి మందులు పోసేస్తారు, ముందు టార్చ్ వేసి అంచులు దగ్గరగా చూడండి. అర్ధచంద్రాకారంలో ముక్క పోయినట్టుంటే ఎవరో కొరికారు, టైగర్ బార్బ్‌లు, సెర్పే టెట్రాలు ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు, వాటిని మార్చేయాలి. చుట్టుపక్కల అలాంటి చేపే లేకపోతే తన తోక తానే కొరుక్కుంటుండొచ్చు, బరువైన తోకలుండే హాఫ్‌మూన్ రకాల్లో ఇది మామూలే, నీటి వేగం తగ్గించి దాక్కోడానికి మొక్కలు పెంచండి. నిలువుగా చీలిక ఉంటే ప్లాస్టిక్ మొక్కో ఫిల్టర్ మూతో తగులుకుంది, పల్చటి నైలాన్ గుడ్డతో అలంకరణ వస్తువుల్ని రుద్ది చూడండి, గుడ్డ పట్టుకుందంటే రెక్క కూడా పట్టుకుంటుంది.

అంచు నల్లగానో ఎర్రగానో మారి రోజురోజుకీ లోపలికి తింటూ పోతుంటే అది ఫిన్ రాట్, అంటే రెక్క కుళ్లే జబ్బు. నీళ్లు టెస్ట్ చేయండి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. క్లోరిన్ తీసిన నీళ్లతో రెండు మూడు రోజులకోసారి పావు వంతు మారుస్తూ ఉంటే మొదట్లోనే పట్టుకున్న కేసులు చాలావరకు ఆగిపోతాయి, అప్పటికీ ముదిరితే వేరే ట్యాంక్‌లో పెట్టి మందు వాడాలి. ఇంకో మాట, అంచు దగ్గర గాజులా పల్చటి పొర కనిపిస్తే అది కొత్తగా పెరుగుతున్న రెక్క, దాన్ని రోగం అనుకుని మందు వేయకండి.

సమస్య: మూలకి నక్కి కూర్చుంటోంది, తినట్లేదు

ఫిల్టర్ వేగం ఎక్కువైందేమో చూడండి. అంత పెద్ద రెక్కలేసుకుని ప్రవాహానికి ఎదురీదలేక అలిసిపోయి ఏ ఆకు వెనకో చేరుతుంది. ఫిల్టర్ నోటికి స్పాంజ్ కట్టినా, నీటి ధారని గోడ వైపు తిప్పినా సరిపోతుంది. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఇవన్నీ బానే ఉంటే తిండి దగ్గర టెట్రాలు ముందు లాగేసుకుంటున్నాయేమో, ఒక వైపు వాటికి వేసి, అవి అటు పోగానే ఇటు ఫైటర్‌కి రెండు మూడు గుళికలు వేయండి.

సమస్య: పొట్ట ఉబ్బింది

కోరిడోరాస్‌కి వేసిన బిళ్లలు కూడా ఇదే తినేస్తుంటుంది. లైట్లు ఆపాక వేయండి, ఫైటర్‌కి ఒకట్రెండు రోజులు తిండి ఆపండి. పొలుసులు బయటికి లేచి నిలబడితే మాత్రం అది మామూలు అజీర్తి కాదు, వెంటనే వేరు చేయాలి, కోలుకునే అవకాశం తక్కువే.

సమస్య: మాటిమాటికీ పైకొచ్చి గాలి పీలుస్తోంది

అప్పుడప్పుడు రావడం దాని శరీర నిర్మాణమే, గాలి నేరుగా పీల్చే అవయవం ఉంటుంది, అందుకే పైన తేలే మొక్కలతో నీటిని మొత్తం కప్పేయకండి. మిగతా చేపలు కూడా పైనే నోళ్లు తెరుచుకుని ఉంటే అమోనియా పెరిగిందో ఆక్సిజన్ తగ్గిందో, వెంటనే కొంత నీళ్లు మార్చి ఎయిర్ పంప్ పెట్టండి. ట్యాంక్‌కి మూత ఉండాలి, బాగా ఎగురుతుంది, కానీ నీటికీ మూతకీ మధ్య కాస్త గాలి ఉండేలా చూడండి.

సమస్య: చెర్రీ రొయ్యలు కనిపించట్లేదు

తినేసి ఉంటుంది. పెద్దవి నాచు గుబురుల్లో దాక్కుని బతకొచ్చు గానీ పిల్లలు మిగలవు, రొయ్యలు పెంచాలనుంటే వాటికి వేరే ట్యాంక్ పెట్టండి.