చలికాలం ఇంట్లో ఒక్కరే ఉంటే టీవీని ఇలా తోడు చేసుకోండి

2022లో సంక్రాంతి వెళ్లగానే రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ పెట్టారు, గుర్తుందా? అప్పుడు మా పిన్ని బెజవాడ సత్యనారాయణపురంలో ఒక్కతే ఉండేది. కరోనా భయానికి ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మం తొక్కడం మానేశారు. ఇంట్లో పొద్దస్తమానం వార్తల చానలే మోగేది. ఆ కేసుల లెక్కలు విని విని పాపం ఆమెకి నిద్ర పట్టేది కాదు.

వార్తలు పూటకి అరగంట చాలు పిన్నీ అని చెప్పాను. సాయంత్రం ఆరున్నరకి తను అక్కడ, నేను గుంటూరులో ఒకే చానల్ పెట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో ఉంచేవాళ్లం. తను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఆ చీర చూశావుటే, మీ అమ్మకి అచ్చం ఇలాంటిదే ఉండేది" అనేది. సినిమా ఏదైతేనేం, ఆ మాటలే అసలు తోడు. తనది కేబుల్, మాది డిష్, అందుకని డైలాగులు ఒకట్రెండు క్షణాలు తేడాగా రెండుసార్లు వినపడతాయి. ఒకరు టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించేస్తే సరి.

చలికాలం ఫ్యాన్ ఆగిపోతుంది కాబట్టి వేసవిలో పెట్టిన సౌండ్ ఇప్పుడు చెవులు హోరెత్తిస్తుంది, సగానికి తగ్గించుకోండి. టీవీ మోగుతుంటేనే నిద్ర పట్టే పెద్దవాళ్లకి సెట్టింగుల్లో స్లీప్ టైమర్ ఒక గంటకి పెట్టి చూపించండి. మళ్లీ లేచి ఆపాల్సిన పని ఉండదు.