ఫ్లోమ్ రేవులో ఒక పగలు

మా కింది వాటాలో ఉండే దంపతులు వచ్చే జూన్‌లో నార్వేకు ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. “బాబాయిగారూ, ఫ్లోమ్ అనే ఊళ్లో ఎనిమిది గంటలు ఆపుతారట, ఏమేం చూడాలి?” అంటూ ఆ అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. ఎనిమిది గంటలకు పదకొండు పేర్లు రాసుకుంది. అందులో ఎనిమిది కొట్టేశాను. మిగిలిన మూడింటిలో, అంటే కొండ ఎక్కే రైలు, కొండ అంచు వంతెన, పడవ షికారులో, ఒక్కటి చాలని, అది ఏదో వాళ్ల మోకాళ్లను, ఆనాటి ఆకాశాన్ని అడిగి తేల్చుకోమని చెప్పాను. తర్వాత నాకే అనిపించి, ఇదంతా వివరంగా రాసిపెట్టాను.

నేను ముప్పై నాలుగేళ్లు విజయవాడ డివిజన్‌లో రైళ్లు నడిపి రిటైరయ్యాను. సత్యనారాయణపురంలో ఉంటాను. రెండేళ్ల కిందట ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కించి మా ఇద్దరినీ తీసుకెళ్లాడు. కాబట్టి రైలు గురించి ఎక్కువ, దుకాణాల గురించి తక్కువ చెబుతాను. దుకాణాల సంగతి కావాలంటే మా ఆవిడను అడగండి.

ఫ్లోమ్ కొన్ని వందల మంది ఉండే పల్లెటూరు. సోగ్నే ఫియోర్డు అనే పెద్ద సముద్రపాయ నుంచి చీలిన ఔర్లాండ్ ఫియోర్డు చిట్టచివర, మూడు వైపులా కొండల మధ్య ఉంటుంది. ఓడ వచ్చి నిలబడితే ఊరికంటే ఓడే పెద్దదిగా కనిపిస్తుంది. ఒకేరోజు రెండు ఓడలు వస్తే రేవు దగ్గర పుష్కరాల నాటి దుర్గా ఘాటే.

అయితే ఓడ దిగాక రోజు మొదలవుతుందనుకోవడం పెద్ద పొరపాటు. అసలైన దృశ్యం రేవులో లేదు, రేవుకు వచ్చే దారిలో ఉంది. జూన్‌లో అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే వెలుతురు వచ్చేస్తుంది. అయిదింటికల్లా లేచి, ఉన్న బట్టలన్నీ వేసుకుని, పైఅంతస్తుకు వెళ్లండి. మేము వెళ్లేసరికి అక్కడ పదిమంది కూడా లేరు. ఇంజను చప్పుడు తగ్గింది. రెండు పక్కలా కొండలు నీళ్లలోంచి గోడల్లా లేచి ఉన్నాయి, పైనుంచి సన్నటి జలపాతాలు ఎవరో ధోవతులు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. పాపికొండలు చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. కాకపోతే అక్కడ కొండను కోసింది గోదావరి, ఇక్కడ కోసింది మంచు. మంచుయుగాల్లో హిమానీనదాలు లోయను తవ్వుకుంటూ పోయాక, ఆ పల్లంలోకి సముద్రం వచ్చి నిలిచింది. సోగ్నే ఫియోర్డు పొడవు 205 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,300 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీని కృష్ణలోంచి పెకలించి అక్కడ నిలువునా దించితే కొస కూడా కనిపించకుండా మునిగిపోతుంది.

ఇక బట్టలు. మే నెలలో బీసెంట్ రోడ్డుకు వెళ్లి రెయిన్‌కోటు, ఉన్ని టోపీ అడిగితే కొట్టువాడు ముఖం తుడుచుకుంటూ నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. అయినా కొనండి. జూన్‌లో పగలు పన్నెండు, పదిహేను డిగ్రీలు ఉంటుంది, వాన ఏ గంటకైనా రావచ్చు. గొడుగు గాలికి నిలవదు. చీర కట్టుకునేవాళ్లు లోపల వెచ్చటి పొడవు లాగు వేసుకుని, కాళ్లకు బూట్లు తొడగండి. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, పది నిమిషాల తర్వాత ఒప్పుకుంది.

ఓడ దిగేటప్పుడు ఓడవాళ్లిచ్చిన కార్డు మెడలో వేసుకోండి, తిరిగి ఎక్కడానికి అదే ఆధారం. నార్వేలో దిగాలంటే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. మాలాగా ఇంగ్లండు నుంచి వెళ్లి మళ్లీ ఇంగ్లండుకే చేరాలంటే ఆ దేశపు వీసాలో రెండోసారి ప్రవేశానికి కూడా వీలుండాలి. డబ్బు మార్చుకునే పని లేదు, కాఫీకి కూడా బ్యాంకు కార్డే. నార్వే డబ్బు ఒక క్రోనా మన డబ్బులో ఎనిమిది తొమ్మిది రూపాయలు. కాఫీ తాగే ముందు ఆ గుణకారం చేయకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట గడియారం. నార్వే సమయం ఇంగ్లండుకంటే ఒక గంట ముందు. ముందురోజు రాత్రి గడియారాలు జరుపుకోమని గదిలో కాగితం పెట్టారు, నేను చదవలేదు. నా చేతికి ఉన్నది పాత హెచ్‌ఎంటీ, దానంతట అది మారదు. మా రైలు టికెట్టు తొమ్మిదీ నలభై అయిదుకు. నా లెక్కలో ఇంకా యాభై అయిదు నిమిషాలుందని తాపీగా నడుచుకుంటూ స్టేషనుకు వెళ్లేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ! ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా డ్యూటీకి ఆలస్యంగా వెళ్లని మనిషిని, అయిదు నిమిషాల తేడాతో రైలు తప్పిపోయాను. మా అబ్బాయి నవ్వు ఆపుకోలేక కౌంటరు దగ్గరికి వెళ్లాడు. తర్వాతి బండిలో చోటుండబట్టి సర్దారు. ఓడలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ చోటు దొరకదు, అందుకే టికెట్టు వారాల ముందే కొనండి. ఓడవాళ్ల ద్వారా కొంటే ధర ఎక్కువ, కానీ ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగుతుంది. సొంతంగా కొంటే తక్కువ, ఓడ మాత్రం ఆగదు. సొంతంగా వెళ్లేవాళ్లు ఓడ ఎక్కవలసిన సమయానికి గంటన్నర ముందే ఊళ్లో ఉండేలా చూసుకోండి.

రైలు స్టేషను రేవు పక్కనే. ఫ్లోమ్ నుంచి కొండపైనున్న మీర్దాల్ స్టేషనుకు 20 కిలోమీటర్లు, గంట ప్రయాణం. అంత చిన్న దూరంలో సముద్రమట్టం నుంచి 866 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. వాలు పద్దెనిమిదికి ఒకటి, అంటే పద్దెనిమిది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. మన అరకు లైనులో అరవైకి ఒకటంటేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతారు. ఊటీ రైలు ఇంతకంటే నిటారుగా ఎక్కుతుంది కానీ దానికి మధ్యలో, పట్టుకుని ఎక్కడానికి, రంపంలా పళ్లున్న పట్టా ఉంది. ఇక్కడ పళ్లూ లేవు, తాడూ లేదు. మామూలు వెడల్పు పట్టా మీద మామూలు చక్రం పట్టు, అంతే. ఇరవై సొరంగాలున్నాయి, వాటిలో పద్దెనిమిది చేత్తో తవ్వినవి. 1920లలో మొదలుపెడితే 1940లో బండి నడిచింది, 1944లో కరెంటు వచ్చింది. ఎక్కేటప్పుడు నలభై, దిగేటప్పుడు ముప్పై వేగం. దిగుడులోనే ఎందుకు నెమ్మది అని మా ఆవిడ అడిగింది. బండిని లాగడం తేలిక, ఆపడం కష్టం అన్నాను.

కుడివైపు కూర్చోవాలా, ఎడమవైపా అని అందరూ అడుగుతారు. లోయ ఒక వైపే ఉండిపోదు, బండి మెలికలు తిరుగుతుంది. వెళ్లేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు రెండో వైపు కూర్చోండి.

ఇది ఒంటి లైను. మధ్యలో బెరెక్వామ్ దగ్గర ఒక్కచోటే లూపు ఉంది, ఎదురు బండిని దాటించుకునేది అక్కడే. మా బండి ఆగింది. పైనుంచి ఆకుపచ్చ పెట్టెలతో ఎదురు బండి మెల్లగా వచ్చింది. దాని క్యాబు మా కిటికీ పక్కకు రాగానే, అనుకోకుండా నా చెయ్యి లేచింది. డ్యూటీలో ఎదురు బండి డ్రైవరుకు అలా చెయ్యి చూపడం ఎన్నేళ్ల అలవాటో. కిటికీలో ఎవరో ముసలాయన చెయ్యి ఊపుతున్నాడనుకుని ఉండాలి, ఆ డ్రైవరు కూడా రెండు వేళ్లు నుదుటికి తాకించి వెళ్లిపోయాడు. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే, ఎవరేమనుకున్నా సరే.

పైకి పోయాక శోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర అయిదు నిమిషాలు ఆపుతారు. చెక్క వేదిక మీద నిలబడితే తుంపర ముఖానికి కొడుతుంది, ఫోను తడవకుండా చూసుకోండి. ఎండాకాలంలో సంగీతం వినిపించి, రాళ్ల మధ్య ఎర్రబట్టల స్త్రీ నాట్యం చేస్తుంది. మగవాళ్లను అడవిలోకి పిలిచే హుల్డ్రా అట, మన మోహిని లాంటిది. అందరూ ఆమెనే చూస్తారు. పక్కనున్న చిన్న విద్యుత్కేంద్రాన్ని కూడా చూడండి, ఈ రైలుకు కరెంటు ఇవ్వడానికే దాన్ని కట్టారు. మీర్దాల్‌లో జూన్‌లో కూడా మంచు కనిపిస్తుంది, దిగి చూసేది పెద్దగా లేదు. అదే బండిలో తిరిగి రండి.

రైళ్ల మీద ఆసక్తి లేనివాళ్లకు మిగిలిన రెండు. ఆకాశం తేటగా ఉంటే బస్సులో స్టేగాస్టైన్‌కు వెళ్లండి. ఫియోర్డుకు 650 మీటర్ల పైన, కొండ అంచు నుంచి ముప్పై మీటర్లు గాలిలోకి చాచిన చెక్క వంతెన అది, చివర అద్దం మాత్రమే అడ్డం. మబ్బు పట్టితే మాత్రం తెల్లటి గోడను చూసి వస్తారు. మబ్బు ఉంటే పడవే మేలు. నేరోయ్ ఫియోర్డుకు కరెంటుతో నడిచే పడవలు వెళతాయి, చప్పుడే ఉండదు. సన్నగా ఉన్నచోట దాని వెడల్పు 250 మీటర్లే, 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రెండు గంటలు పడవ, అది చేరే గుద్వాంగెన్ అనే ఊరి నుంచి బస్సులో వెనక్కి.

ఏది చేసినా మధ్యాహ్నానికి రెండు మూడు గంటలు మిగులుతాయి. వాటిని దుకాణాల్లో పోయకండి. రేవు దగ్గరి రైలు మ్యూజియానికి టికెట్టు లేదు, పావుగంట చాలు. మోకాళ్లు బాగుంటే బ్రెక్కెఫోసెన్ జలపాతానికి నడవండి, నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పరిచిన రాతిమెట్లు ఉన్నాయి. వెళ్లే ముందు నెలరోజులు గాంధీ కొండ ఎక్కి దిగితే సరిపోతుంది. లేదంటే నది పక్కన పాత ఊరి వైపు నడవండి. 1670 నాటి చిన్న చెక్క చర్చి ఉంది. ఇరవై నిమిషాలు నడిస్తే జనం మాయమవుతారు, గొర్రెల మెడలో గంటలు వినిపిస్తాయి.

తిండికి ఆశ పెట్టుకోకండి. ఓడలో పొద్దున బాగా తిని దిగండి. శాకాహారులు వాఫెల్ అనే గళ్ల అట్టు అడిగే ముందు అందులో గుడ్డుంటుందని గుర్తుంచుకోండి. గోధుమరంగు మేకపాల చీజు మాత్రం తప్పక రుచి చూడండి, విరుగుడు తేటను ఎర్రబడేదాకా మరిగించి చేస్తారు. చిటికెడు ఉప్పు పడిన పాలకోవాలా ఉంటుంది. నీళ్ల సీసా కొనకండి, కొళాయి నీళ్లే తాగవచ్చు.

సాయంత్రం ఓడ కదిలేటప్పుడు ఎడమవైపు నిలబడండి. ముందు ఉండ్రెడాల్ అనే మేకల పల్లె, తర్వాత నేరోయ్ ఫియోర్డు నోరు, రెండూ అటే వస్తాయి. మొదటి విడత భోజనం గంట సరిగ్గా అప్పుడే కొడతారు. రెండో విడతకు పేరు రాయించుకోండి.