వెలిగే కార్బన్ చుక్కలు, 3వ పాఠం: ఆ వెలుగు ఎవరిది?

పోయినసారి 3 గ్రాముల సిట్రిక్ యాసిడ్, 3 గ్రాముల యూరియా, 10 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి ల్యాబ్ మైక్రోవేవ్‌లో నాలుగైదు నిమిషాలు పెడితే మాడిన పాకంలా ఒక గోధుమరంగు ముద్ద మిగిలింది కదా. కార్బన్ చుక్కలు, అంటే యూవీ కాంతి పడితే వెలిగే అతిసన్నని కార్బన్ రేణువులు, అందులోనే ఉన్నాయి. గుంటూరు కుర్రాడొకడు, పొలానికి తెచ్చిన యూరియా బస్తా ఇంట్లోనే ఉంది, అందులోంచి తీసుకోవచ్చా అని అడిగాడు. వద్దు నాయనా. దానికి వేపనూనె పూత ఉంటుంది, అదీ మాడి ఇందులోనే కలుస్తుంది. ల్యాబ్‌కి వాడేదే కొను.

ఇవాళ శుభ్రం చేద్దాం. ముద్దను నీళ్ళలో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన మడ్డి వదిలేసి, పైన తేరిన నీళ్ళను 0.22 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్‌తో వడకట్టండి. 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే భలే వెలుగుతుంది.

నేను బోల్తా పడింది ఇక్కడే. విజయవాడలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు ఆ వెలుగు చూసి, ఫొటోలు తీసి ఊరంతా పంపేసి, డయాలసిస్‌ని, అంటే సన్న రంధ్రాల సంచిలో పోసి నీళ్ళలో ఉంచి చిన్న అణువులను బయటికి పంపే పనిని, మాత్రం రెండు గంటల్లో కానిచ్చేశాను. మా సార్ ఒక్క మాటా అనలేదు, సంచి బయటున్న నీళ్ళ మీద టార్చి వేశారు. లోపలి వాటికంటే అవే ఎక్కువ మెరిశాయి!

సంగతేంటంటే, ఈ వేడిలో చుక్కలతోపాటు వెలిగే చిన్న అణువులు కూడా పుడతాయి. చుక్క కొన్ని నానోమీటర్లుంటే, అణువు దానికంటే బాగా చిన్నది. రెండూ కలిసున్న నీళ్ళను జీవకణాల మీద వేస్తే మైక్రోస్కోపులో కనబడే వెలుగు ఎవరిదో తేల్చలేం, మిగిలిపోయిన రసాయనాలకు కణాలు చస్తే ఆ నింద కూడా పాపం చుక్కల మీదే పడుతుంది. కాడ్మియం లోహంతో చేసే వెలిగే రేణువుల్లా (క్వాంటమ్ డాట్లు) విషం ఉండదనే కదా వీటిని ఎంచుకున్నాం.

ఉప్పుచేపను నానబెట్టి నీళ్ళు మార్చినట్టే డయాలసిస్ కూడా, ఉప్పు పోతుంది, చేప ఉంటుంది. 1000 డాల్టన్ల (అణువుల బరువు కొలత) సంచి, అంటే దాదాపు అంతకంటే తేలికైన అణువులను బయటికి వదిలేది, తీసుకుని నిండా పోయకుండా కాస్త ఖాళీ ఉంచండి, బయటి నీళ్ళు లోపలికి వచ్చి ఉబ్బుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో వేలాడదీసి, మొదటిరోజు నాలుగైదు గంటలకోసారి, తర్వాత పూటకోసారి మార్చండి. రెండ్రోజులైనా పడుతుంది. మే నెల బెజవాడ ఎండల్లో అయితే ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది.

వరసగా రెండుసార్లు మార్చిన నీళ్ళు టార్చి కింద వెలగకపోతే ఆపేయొచ్చు. సంచిలో మిగిలింది మసగ్గా వెలిగితే బెంగపడకండి, దాన్ని క్వినైన్ సల్ఫేట్‌తో, అంటే ఎంత వెలుగుతుందో ముందే తెలిసిన పదార్థంతో, పోల్చి కొలవడం వచ్చే పాఠం. పారబోసే ముందు ప్రతిసారీ ఆ నీళ్ళు కొంచెం సీసాలో పట్టి, టైము రాసి ఉంచండి, అప్పుడు కావాలి.