చిన్న విమానంలో సిలిండర్లు అతిగా వేడెక్కకుండా చూసుకోవడం ఎలా?

మే నెల మధ్యాహ్నం, బేగంపేటలో 42 డిగ్రీల ఎండ. 1,700 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ రన్‌వే మీద అప్పుడు డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) 5,000 అడుగులు దాటిపోతుంది. గాలి పలచన, పైగా వేడి. విమానం నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కినంతసేపూ త్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే, తగ్గించే మీట) పూర్తిగా తెరిచే ఉంటుంది. గాలితోనే చల్లబడాల్సిన ఇంజన్‌కి ఇది గడ్డుకాలం. నేను సెస్నా 172ఎస్, అందులోని 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఐవో-360ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మీది వేరే విమానమైతే దాని పీవోహెచ్ (పైలట్ హ్యాండ్‌బుక్) అంకెలే మీకు ప్రమాణం.

ముందు హద్దు సంగతి. ఈ ఇంజన్‌లో సిలిండర్ హెడ్ టెంపరేచర్, అంటే సీహెచ్‌టీ, రెడ్ లైన్ 500 డిగ్రీల ఫారెన్‌హీట్. కాంటినెంటల్ కంపెనీ ఇంజన్లు ఐవో-520, 550లకు 460. రెడ్ లైన్ దాకా ఫరవాలేదనుకునేవాళ్ల చేతుల్లోనే సిలిండర్లు పాడవుతాయి. వేడెక్కేకొద్దీ అల్యూమినియం హెడ్ బలం తగ్గిపోతుంది. అందుకే లైకమింగ్ అయితే 400, కాంటినెంటల్ అయితే 380. ముల్లు అక్కడికి రాగానే మీ చెయ్యి కదలాలి.

నేల మీద పని కొంచెమే. ఆయిల్ చూసుకోండి. టార్చ్ వేసి కౌలింగ్ (ఇంజన్ మీది రేకు మూత) ముందున్న రంధ్రాల్లోంచి బ్యాఫుల్ సీల్స్ (గాలిని సిలిండర్ల మీదకి మళ్లించే పలకల అంచునుండే రబ్బరు పట్టీలు) చూడండి. ఆ రబ్బరు పట్టీల అంచు ముందుకి, లోపలికి వంగి ఉండాలి. అప్పుడే లోపలికొచ్చే గాలి వాటిని కౌలింగ్‌కి అదిమిపెడుతుంది. ఒక్క పట్టీ వెనక్కి మడతపడినా గాలి సిలిండర్ ఫిన్‌ల (చల్లబరిచే రెక్కల) మధ్యకి దిగకుండా ఆ సందులోంచి జారిపోతుంది. రనప్ (టేకాఫ్ ముందు ఇంజన్ పరీక్ష) గాలికి ఎదురుగా నిలబెట్టి చేయండి, తొందరగా ముగించండి.

అసలు కష్టం టేకాఫ్ తర్వాత మొదలవుతుంది. దాదాపు అందరూ పాడుచేసేది ఇక్కడే.

సముద్రమట్టం దగ్గర 172ఎస్ వీవై (అతి త్వరగా ఎత్తు ఎక్కే వేగం) 74 నాట్స్. అడ్డంకులు దాటి, క్షేమమైన ఎత్తుకి చేరాక కూడా చాలామంది ముక్కు పైకెత్తి ఆ వేగాన్నే పట్టుకుని కూర్చుంటారు. అలా చేస్తే కౌలింగ్‌లోకి పోయే గాలి తక్కువ, ఇంజన్ పుట్టించే వేడి ఎక్కువ. వెయ్యి అడుగులు ఎక్కాక 85 నాట్స్ పట్టుకోండి. 80 కాదు, 85. ఎక్కే రేటు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అయినా సీహెచ్‌టీ 400 దాటుతోందా? ముందు ముక్కు దించండి. అవసరమైతే కాసేపు లెవెల్‌గా ఎగరండి. తర్వాత మిక్చర్ (గాలిలో పెట్రోల్ పాళ్లు) చూడండి, లీన్ చేసి (పెట్రోల్ తగ్గించి) ఉంటే రిచ్ చేయండి (పెంచండి). కౌల్ ఫ్లాప్స్ (కౌలింగ్‌లోంచి వేడిగాలి బయటికి పోయే తలుపులు) ఉన్న విమానమైతే అవి తెరిచే ఉన్నాయో లేదో చూసుకోండి, 172ఎస్‌లో అవి లేవు. ఇవన్నీ అయ్యాకే పవర్ తగ్గించాలి.

ఈ వరసని తలకిందులు చేయొద్దు. ముల్లు పైకి పోతుంటే టెన్షన్‌లో చెయ్యి త్రాటిల్ మీదకే పోతుంది, ఒక అంగుళం వెనక్కి లాగేస్తుంది. చాలా కార్బ్యురేటర్లలో ఫుల్ త్రాటిల్ దగ్గర మాత్రమే అదనంగా పెట్రోల్ అందుతుంది, సిలిండర్లని చల్లగా ఉంచడానికే ఆ ఏర్పాటు. కాస్త లాగితే ఆ అదనం ఆగిపోతుంది, పవర్ మాత్రం పెద్దగా తగ్గదు. వేడి ఇంకా పెరుగుతుంది. ఐవో-360 ఇంజెక్షన్ ఇంజనే, దానికి కార్బ్యురేటర్ లేదు. కానీ చేతికి పట్టిన అలవాటు రేపు కార్బ్యురేటర్ విమానం ఎక్కితే వదలదు. తగ్గించాల్సి వస్తే గట్టిగానే తగ్గించండి, అది కూడా కింద దిగడానికి చోటున్న ఎత్తులో.

ఒక్క సిలిండర్ మాత్రం సెకను సెకనుకీ పైకి పోతూ, దాని ఈజీటీ (ఎగ్జాస్ట్ గ్యాస్ టెంపరేచర్) పడిపోతుంటే ఈ వరస పక్కన పెట్టండి. అది డిటొనేషనో (పెట్రోల్ పేలినట్టు మండడం) ప్రీ-ఇగ్నిషనో (స్పార్క్‌కి ముందే అంటుకోవడం) కావచ్చు. మిక్చర్ ఫుల్ రిచ్, పవర్ వెంటనే తగ్గింపు, ముక్కు కిందికి, దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకి దారి.

క్రూజ్‌లో, అంటే ఒకే ఎత్తులో సాగే ప్రయాణంలో, పెద్దగా ఇబ్బంది ఉండదు. ఈజీటీ పీక్‌కి (లీన్ చేస్తూ పోతే అది చేరే గరిష్ఠానికి) దాదాపు 40-50 డిగ్రీలు రిచ్ వైపున సీహెచ్‌టీ అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకోండి. 75 శాతం పవర్‌లో అక్కడ ఆపితే పెట్రోల్ కొంత మిగులుతుంది, సిలిండర్ అరిగిపోతుంది. 100 డిగ్రీలు రిచ్‌గా ఉంచండి. డబ్బు ఆదా చేయాలంటే ముందు పవర్ తగ్గించి, అప్పుడు లీన్ చేయండి.

దిగాక స్నాగ్ (ఇంజనీర్‌కి లోపం గురించిన నోట్) రాయండి. "ఇంజన్ హాట్" అని రాస్తే ఇంజనీర్‌కి ఏమీ తెలియదు. ఏ నంబర్ సిలిండర్, ఎంత డిగ్రీలు, ఏ వేగం, ఏ ఎత్తు, ఆ సిలిండర్ ఈజీటీ ఎంత అన్నీ రాయండి. ఒక్కదానికే సీహెచ్‌టీ, ఈజీటీ రెండూ పెరిగితే ఆయన ముందు ఇంజెక్టర్ నాజిల్‌లో మురికి వెతుకుతాడు. నాలుగింటికీ సీహెచ్‌టీ పెరిగి ఈజీటీ తగ్గితే మాగ్నెటో (స్పార్క్ ఇచ్చే పరికరం) టైమింగ్ ముందుకి జరిగిందేమో చూస్తాడు. ఈజీటీ మామూలుగానే ఉండి ఒక్క సీహెచ్‌టీ పెరిగితే బ్యాఫుల్, లేదా ప్రోబ్ (వేడి కొలిచే సెన్సర్).