ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎనిమిది గంటల లేఓవర్: ఊళ్లోకి వెళ్లి విమానం అందుకునేలా తిరిగి రావడం ఎలా

యూరప్ మీదుగా దూర ప్రయాణం చేసేవాళ్లలో చాలామందికి ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్ట్‌లో విమానం మారాల్సి వస్తుంది. మధ్యలో ఎనిమిది, పది గంటలు ఖాళీ దొరికితే గేటు దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడనక్కర్లేదు. రైల్వే స్టేషన్ ఎయిర్‌పోర్ట్ కిందే ఉంది. పదిహేను, పదిహేడు నిమిషాల్లో ఊరి నడిబొడ్డున దిగొచ్చు. అయితే లేఓవర్ ఎనిమిది గంటలైనా మీ చేతికి వచ్చేది మూడు గంటలే. ఆ మూడు గంటల్లో ఒక్క పనే పెట్టుకోండి.

లెక్క వెనక నుంచి వేయాలి

ఉదయం 9:00కి దిగి, సాయంత్రం 5:00కి షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) బయటి దేశానికి విమానం ఎక్కాలనుకుందాం. పెద్ద విమానానికి బోర్డింగ్ గంట ముందే, అంటే 4:00 ప్రాంతంలో మొదలవుతుంది. అంతకుముందు సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ తనిఖీ దాటి గేటు దాకా నడవాలి. ఇక్కడ టెర్మినల్ ఒకటే అయినా చాలా పొడుగు, చివరి గేట్లకు నడకే ఇరవై నిమిషాలు పట్టొచ్చు. కాబట్టి 2:30కల్లా సెక్యూరిటీ లైన్లో నిలబడాలి. అందుకు ఊరి నడిబొడ్డున ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రాల్ స్టేషన్‌లో 2:00కి రైలెక్కాలి. ఊళ్లో చేసే పని 1:45కి ముగియాలి.

ఇక దిగిన వైపు చూడండి. విమానం తలుపు తెరిచేసరికి 9:15. ఇమ్మిగ్రేషన్‌కు గంట వేసుకోండి. లాకర్, రైలు కోసం నిరీక్షణ, ప్రయాణం కలిపి మరో 45 నిమిషాలు. ఊళ్లో అడుగుపెట్టేసరికి 11:00 అవుతుంది. మిగిలింది రెండుముప్పావు గంటలు. ఆరు గంటల కన్నా తక్కువ లేఓవర్ అయితే బయటికి వెళ్లకపోవడమే మేలు. రాత్రి పదకొండుకు దిగినా అంతే, రైళ్లు గంటకొకటి చొప్పున నడుస్తాయి కానీ చూడటానికి తెరిచి ఉన్నవి ఉండవు.

వీసా దగ్గర చేసే తప్పులు

షెంగెన్ వీసా అవసరమైన పాస్‌పోర్ట్ మీదైతే, చేతిలో చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉంటేనే బయటికి వెళ్లగలరు. ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా, అంటే 'ఎ' రకం, ఊళ్లోకి పనికిరాదు. విమానాల మధ్య ట్రాన్సిట్ ప్రాంతంలో ఉండటానికే అది. అమెరికా వీసానో బ్రిటన్ వీసానో ఉంది కదా అన్న ధీమా కూడా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర పనిచేయదు.

ఇంకా జాగ్రత్తపడాల్సింది సింగిల్ ఎంట్రీ వీసాతో. వెళ్లేటప్పుడు మూడు గంటలు తిరిగి రావడానికి దాన్ని వాడేశారంటే ఆ ఎంట్రీ అయిపోయినట్టే. తిరుగు ప్రయాణంలో యూరప్‌లో వారం గడపాలని తీసుకున్న వీసా అయితే అసలు పనికి అక్కరకు రాకుండా పోతుంది.

2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ, ఎగ్జిట్ నమోదు పద్ధతిని దశలవారీగా తెచ్చారు. యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు తక్కువకాలం ఉండటానికి మొదటిసారి వచ్చినప్పుడు ఫోటో, వేలిముద్రలు నమోదు చేస్తారు. ఇమ్మిగ్రేషన్‌కు గంట వేసుకోమన్నది అందుకే. మీ తర్వాతి విమానం షెంగెన్ లోపలి దేశానికే అయితే ఈ తనిఖీ ఎలాగూ స్కిపోల్‌లోనే జరుగుతుంది, బయటికి వెళ్లినందుకు అదనంగా పోయే సమయం కొంచెమే. రెండు విమానాలూ షెంగెన్ బయటివైతే లోపలికి ఒకసారి, వెలుపలికి ఒకసారి, రెండు లైన్లు తప్పవు.

సామాను

మొదటి ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ చేసేటప్పుడు రెండు పనులు చేయండి. లగేజీ ట్యాగ్ మీద ఆఖరి గమ్యం కోడ్ ఉందో లేదో చూడండి. రెండో విమానం బోర్డింగ్ పాస్ కూడా అక్కడే తీసుకోండి, తిరిగొచ్చాక కౌంటర్ దగ్గర నిలబడే పని తప్పుతుంది. రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొంటే మాత్రం సామాను మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడు పైన వేసిన లెక్కలో మరో గంట తీసేయండి. లేఓవర్ 24 గంటలు దాటితే దాన్ని సాధారణంగా స్టాపోవర్‌గా లెక్కగడతారు. టికెట్ ధర మారొచ్చు, సామాను కూడా మీ చేతికే రావచ్చు.

చేతి సంచులకు ఎయిర్‌పోర్ట్‌లో లాకర్లున్నాయి. అరైవల్స్ 1, 2 మధ్య నేలమాళిగలో సామాను భద్రపరిచే చోటు కూడా ఉంది. బరువు సంచితో రాళ్లు పరిచిన వీధుల్లో తిరగడం నరకం. పెద్ద సంచులను మ్యూజియంలోకి రానివ్వరు కూడా. మందులు, పాస్‌పోర్ట్, చార్జర్ మాత్రం వెంట ఉంచుకోండి.

మొదటి ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో సీసాలు కొనకండి. ఊళ్లోకి వెళ్లొచ్చాక మళ్లీ సెక్యూరిటీ దాటాలి, సీలు విప్పిన సీసా అక్కడే ఆగిపోతుంది. కొనాలంటే తిరిగొచ్చి సెక్యూరిటీ దాటాక కొనండి.

రైలు

టికెట్ మిషన్ దగ్గర నిలబడక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ బ్యాంక్ కార్డును ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి రీడర్‌కు ఆనించాలి. దిగాక మరిచిపోతే ఎక్కువ డబ్బు కోసేస్తారు. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు అదే కార్డు ఉన్న ఫోన్ వాడినా ఇదే సమస్య, ఎందుకంటే రీడర్‌కు అవి రెండు వేర్వేరు కార్డులు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి.

చాలామంది పొరబడేది స్టేషన్ పేరు దగ్గర. స్కిపోల్ నుంచి కొన్ని రైళ్లు ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రాల్‌కు, కొన్ని ఆమ్‌స్టర్‌డామ్ జౌడ్‌కు వెళ్తాయి. పాత ఊరు, కాలువలు సెంట్రాల్ దగ్గర. పొరపాటున జౌడ్‌లో దిగినా కంగారొద్దు, అక్కడి నుంచి 52వ నంబరు మెట్రో ఊరి మధ్యగా సెంట్రాల్‌కే వెళ్తుంది.

మూడు గంటల్లో ఏం చేయాలి

తెల్లవారుజామున దిగిన ఒళ్లు అలిసిపోయి ఉంటుంది. మ్యూజియం లైన్ల కన్నా గాలి, వెలుతురు మేలు. అందుకే నడకకే మా ఓటు.

సెంట్రాల్ నుంచి పడమరగా హార్లెమర్‌స్ట్రాట్ వీధి పట్టుకుని బ్రౌవర్స్‌గ్రాక్ట్ కాలువ చేరండి. అక్కడి నుంచి ప్రిన్సెన్‌గ్రాక్ట్ గట్టు వెంబడి దక్షిణంగా వెళ్తే వెస్టర్‌కెర్క్ చర్చి, దాని పక్కనే ఆన్ ఫ్రాంక్ ఇల్లు. ఇంకాస్త ముందుకెళ్తే కాలువలను అడ్డంగా కలిపే తొమ్మిది చిన్న వీధులు. వాటి గుండా తూర్పుకు తిరిగి స్పౌ కూడలి చేరితే, పక్కనే ఒక తలుపు వెనక బెగైన్‌హోఫ్ అనే నిశ్శబ్దమైన లోగిలి ఉంటుంది. మనుషులు కాపురముంటున్న చోటది, గొంతు తగ్గించండి. అక్కడి నుంచి రోకిన్ స్టేషన్‌లో 52వ మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సెంట్రాల్. ఆగుతూ, కాఫీ తాగుతూ నడిచినా రెండు గంటలు చాలు.

నడుస్తూ ఇళ్ల కప్పుల కింద చూడండి. ముందుకు పొడుచుకొచ్చిన దూలాలకు కొక్కేలుంటాయి. లోపలి మెట్లు మరీ ఇరుకు కాబట్టి, తాడు కట్టి సామాన్లను కిటికీల్లోంచి పైకి లాగుతారు. ఈ కాలువల వలయం 2010లో యునెస్కో జాబితాకెక్కింది.

కళ్లు కాలువల మీదున్నా కాళ్లు ఫుట్‌పాత్ మీదే ఉండాలి. ఎర్ర తారు పరిచిన దారి సైకిళ్లది. ఫోటో కోసం అందులో నిలబడితే దెబ్బ తగలడం ఖాయం.

వాన పట్టుకుంటే గంటసేపటి కాలువ పడవ షికారు మంచిది, పడవలు సెంట్రాల్ ఎదుటే ఉంటాయి. ఓపిక లేకపోతే స్టేషన్ వెనక్కి వెళ్లి ఉత్తరపు ఒడ్డుకు వెళ్లే ఫెర్రీ ఎక్కండి. కాలినడకన వచ్చేవాళ్లకు అది ఉచితం. గాలి జోరుకు గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెంబ్రాంట్ 1642లో గీసిన 'నైట్ వాచ్' చూడాలన్న పట్టుదల ఉంటే నడక వదిలేసి నేరుగా రైక్స్‌మ్యూజియంకు వెళ్లండి. ఎయిర్‌పోర్ట్ ముందు 397వ నంబరు బస్సు ఎక్కితే దాని దగ్గరే దించుతుంది. తెరిచి ఉండేది రోజూ 9 నుంచి 5 దాకా. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, రెండో అంతస్తుకు నేరుగా వెళ్లి పెద్ద హాలు చూసి వచ్చేయండి. ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ఆరు వారాల ముందు, మంగళవారాల్లో, ఆన్‌లైన్‌లో మాత్రమే ఇస్తారు. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే దొరకవు.

ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి, మొదటిది 1:15కి, రెండోది 1:45కి. మీ కారణంగా విమానం తప్పితే, ఒకే టికెట్ అయినా ఎయిర్‌లైన్ ఉచితంగా మరో సీటు ఇవ్వాల్సిన పని లేదు. మొదటి విమానమే రెండు గంటలు ఆలస్యంగా దిగితే ఊరి ఆలోచన మానేయండి. షెంగెన్ బయటి ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉన్న యోటెల్‌ఎయిర్ హోటల్‌లో కనీసం నాలుగు గంటలకు గది దొరుకుతుంది. స్నానం చేసి, కాళ్లు చాపుకుని పడుకోండి.