ఒకటిన్నర అంగుళం కాస్తా ఐదున్నర అవ్వకుండా: ఆన్‌లైన్ షాపులో భిన్నాల కొలతలు రాయడం ఎలా

స్క్రూలు, మడతబందులు, పైపు ఫిట్టింగులు అమ్మే సైట్లకి లిస్టింగులు పెట్టడం నా పని. ఇన్నాళ్లలో నేను చూసిన కొలతల గొడవల్లో చాలావరకు ఒక్క ఖాళీ దగ్గర మొదలైనవే. మనం 1 1/2 అని కొడతాం, మధ్యలో ఖాళీ ఎక్కడో ఎగిరిపోతుంది, పేజీ మీద 11/2 అని పడుతుంది. లెక్క ప్రకారం అది ఐదున్నర. ఓసారి ఒకటిన్నర అంగుళం స్క్రూల దగ్గర నాకిదే జరిగింది. చాలామంది ఫొటో చూసి సర్దుకున్నారు గానీ, ఒకాయన నిజంగానే పొడుగు స్క్రూలనుకుని ఆర్డరు పెట్టి, పెట్టె విప్పాక ఫోన్ చేశారు. ఆయన్ని ఏమనగలం, పేజీలో ఉన్నదే చదివారు.

అందుకని టైటిల్లో నేను 1-1/2 అని అడ్డగీతతోనే రాస్తాను. చూడ్డానికి అంత బావుండదు, ఒప్పుకుంటాను, కానీ ఏ సాఫ్ట్‌వేర్‌లోంచి పోయినా అది 11/2 అవ్వదు. పైగా కొనేవాళ్లు వెతికేటప్పుడు కీబోర్డు మీద దొరికే 1/2 నే కొడతారు, ½ గుర్తు కోసం ఎవరూ తడుముకోరు.

మరి ½ అని అందంగా పెడితే తప్పా? తప్పేం లేదు, పేజీ లోపల వివరణలో పెట్టుకోండి. విండోస్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని పక్కనున్న నంబర్ ప్యాడ్ మీద 0189 కొడితే ½, 0188 కి ¼, 0190 కి ¾ వస్తాయి. కానీ టైటిల్లో వద్దంటాను, దానికో కారణం ఉంది. వెతకడానికి వీలుగా అక్షరాలన్నిటినీ ఒకే తీరులోకి మార్చుకునే పద్ధతి ఒకటి యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణంలో) ఉంది, పేరు ఎన్ఎఫ్‌కేసీ. చాలా సెర్చ్ ఇంజన్లు ఇలాంటిదే వాడతాయి. 1½ దాంట్లో పడితే ½ విడిపోయి 1⁄2 అవుతుంది, ముందున్న 1 దానికి అతుక్కుంటుంది, మళ్లీ మన పాత 11⁄2 వచ్చేస్తుంది! ఆ మధ్యలో గీత కూడా మనం కొట్టే స్లాష్ కాదు, యూనికోడ్‌లో 2044 నంబరున్న వేరే గీత. అంటే 1/2 అని కొట్టినవాళ్లకి ఆ సరుకు కనపడుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

ఇంకో చిక్కు. ½, ¼, ¾ దాదాపు అన్ని ఫాంట్లలో ఉంటాయి, ⅛, ⅜, ⅝, ⅞ కొన్నిట్లో ఉండవు, అప్పుడు బ్రౌజరు వేరే ఫాంటు నుంచి తెచ్చి అతికిస్తుంది, ఒక గుర్తు లావుగా ఒకటి బక్కగా కనపడుతుంది. ఇక 5/16 కి రెడీమేడ్ గుర్తే లేదు. మీ సరుకులో పదహారో వంతు కొలత ఒక్కటున్నా సరే, రెడీమేడ్ గుర్తులు మానేయండి. ఒక వరసలో ½, కింది వరసలో 5/16 ఉంటే ఇద్దరు మనుషులు రాసిన పట్టికలా ఉంటుంది.

అన్నీ ఒకేలా రావాలంటే, పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్‌ కోడ్‌లో ఫాంట్-వేరియంట్-న్యూమరిక్ అనేదానికి డయాగనల్-ఫ్రాక్షన్స్ అని విలువ ఇవ్వండి. మామూలుగా 1/2, 5/16 అని రాసినా, ఫాంటులో ఆ సదుపాయం ఉంటే చిన్న అంకెలతో వాలుగీత భిన్నంగా చూపిస్తుంది. లేకపోతే 1/2 గానే ఉంటుంది, ఏదీ చెడిపోదు, కాపీ చేసుకున్నా 1/2 నే వస్తుంది. ఒక్కటే జాగ్రత్త: దీన్ని పేజీ మొత్తానికి పెట్టకండి, భిన్నం చుట్టూ ఒక స్పాన్ (పేజీ కోడ్‌లో కొంత భాగాన్ని విడిగా గుర్తుపెట్టే ట్యాగు) పెట్టి దానికి మాత్రమే ఇవ్వండి, లేదంటే కొన్ని ఫాంట్లలో పక్కనున్న మిగతా అంకెలు, తేదీలు కూడా బుల్లిబుల్లిగా మారిపోతాయి. పూర్ణాంకానికీ భిన్నానికీ మధ్య విడిపోని ఖాళీ పెట్టండి, ఫోన్ స్క్రీన్ మీద 1 పై వరసలో, 1/2 కింది వరసలో పడకుండా ఉంటుంది.

ఎక్సెల్ సంగతి సరేసరి. 3/4 అని కొట్టగానే తేదీ చేసేస్తుంది, మీ సెట్టింగుని బట్టి మార్చి 4 గానీ ఏప్రిల్ 3 గానీ. అయ్యాక కాలమ్‌ని టెక్స్ట్‌గా మారిస్తే ఇంకా ఘోరం, ఐదంకెల సంఖ్య ఒకటి ప్రత్యక్షమవుతుంది. కాలమ్‌ని ముందే టెక్స్ట్ చేసి ఆ తర్వాతే కొట్టాలి. సీఎస్‌వీ ఫైల్ని (కామాలతో విడదీసిన పట్టికని) డబుల్ క్లిక్ చేసి తెరవకుండా ఇంపోర్ట్ చేసుకోవాలి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచే తీరు, యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ½ ముందు టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ అక్షరం కనపడిందంటే ఎన్‌కోడింగ్ తేడా కొట్టిందని గుర్తు. అంగుళాల గుర్తుకి డబుల్ కోట్ కూడా వాడకండి, సీఎస్‌వీలో ఫీల్డు హద్దులు గుర్తించేది దాంతోనే. అంగుళం అని రాసేయండి, లేదా ″ వాడండి.

వీటన్నిటికన్నా ముఖ్యం, అసలు కొలతని దశాంశంలో దాచుకోవడం. టెక్స్ట్‌గా ఉన్న సైజుల్ని వరసలో పెట్టమంటే 1, 1 1/2, 1/2, 1/4, 3/4, 3/8 అని పెడుతుంది, ఆ జాబితాలో సైజు వెతుక్కోవాలంటే ఎవరికైనా చిరాకే. కొనేవాళ్లకి కనపడని ఫీల్డులో 0.25, 0.375, 0.5 అని ఉంచి, వరసా ఫిల్టరూ దాన్నిబట్టి నడిపించండి. 5/16 ని 0.31 అని కుదించకండి, పూర్తిగా 0.3125 ఉండాలి. చూపించేటప్పుడు 16 తో గుణించి, వచ్చినదాన్ని 16 మీద భిన్నంగా పెట్టి, పైనా కిందా కొట్టేయగలిగినంత కొట్టేయండి: 0.375 కి 6/16 వస్తుంది, అది 3/8.

పక్కన మిల్లీమీటర్లు కూడా ఇస్తే మంచిది, అంగుళానికి కచ్చితంగా 25.4, కాబట్టి 1/2 కి 12.7. పైపుల కేటగిరీలో మాత్రం ఈ ఫార్ములా ఆపేయండి. అరంగుళం స్టీలు పైపులో అరంగుళం అన్నది పేరు మాత్రమే, బయటి వ్యాసం దాదాపు 21.3 మిల్లీమీటర్లు. ఆ కాలమ్ చేత్తోనే నింపుకోవాలి.