కూలెంట్ తగ్గుతోందా? పోస్తూ పోకండి, ఎటు పోతోందో చూడండి

ఇంజిన్‌ను చల్లగా ఉంచే కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యే పదార్థం కాదు. ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి మళ్లీ ఇంజిన్‌కు మూసి ఉన్న దారిలో తిరిగే ద్రవం కాబట్టి, ఏడాది మొత్తం మీద బానెట్ కింద ఉండే కూలెంట్ డబ్బాలో కొద్దిగా మట్టం తగ్గితే కంగారు పడనక్కరలేదు. నెలకోసారి అరలీటరు పోయవలసి వస్తోందంటే మాత్రం అది ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ లోపలికి పోయి ఆవిరవుతోంది. రెండింటిలో ఏదో తేల్చకుండా పోస్తూ పోవడం మరమ్మతు కాదు.

మట్టం చూడటానికి సరైన సమయం ఉదయం బండి తీయక ముందు. నేల సమంగా ఉండాలి. తెల్లని ప్లాస్టిక్ డబ్బా మీద ‘మిన్’, ‘మ్యాక్స్’ అనో ‘లో’, ‘ఫుల్’ అనో గీతలుంటాయి. ద్రవం ఆ రెంటి మధ్య ఉంటే చాలు. పాత మురికి పట్టి డబ్బా పసుపుబారితే వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతను గానీ, ఒత్తిడి ఉండే డబ్బా మూతను గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. సగం కూలెంట్, సగం నీరు కలిపిన మిశ్రమం బయట సుమారు 107 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్ల లోపల 125 డిగ్రీలు దాటే వరకూ మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, అంత ద్రవమూ ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి, చేతుల మీదికి వస్తుంది.

కారు కింద తడి కనిపిస్తోంది

ముందుగా అది ఏసీ నీరా, కూలెంటా అని తేల్చుకోవాలి. ఏసీ నీటికి రంగు, వాసన, జిగురు ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది, కొంచెం తియ్యని వాసన వస్తుంది. అనుమానముంటే రాత్రి ఇంజిన్ కింద ఒక అట్టపెట్టె ముక్క పరచండి. తెల్లారేసరికి చుక్క పడిన చోటు దారి చూపిస్తుంది.

ఆ చోటికి పైన ఉన్న హోస్ పైపులు, వాటి క్లిప్పులు పరిశీలించండి. కారిన కూలెంట్ ఆరిపోయిన చోట ఉప్పు పేరుకున్నట్టు రంగు పొర కనిపిస్తుంది. తడి లేకపోయినా ఆ పొర ఉందంటే అక్కడ వేడి మీద కారుతోందని అర్థం. క్లిప్పు వదులైతే బిగించాలి, హోస్ ఉబ్బినా మెత్తబడినా మార్చాలి. వాటర్ పంప్ కింద సన్నని రంధ్రం ఉంటుంది. దాని నుంచి చుక్కలు వస్తున్నాయంటే లోపలి సీల్ పోయినట్టే, ఇక పంపు మార్చక తప్పదు. కింద తడి లేకుండా ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ జిగురుగా తడిసి, అద్దం మీద మసక పొర పడుతుంటే డాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోందని అనుమానించాలి.

డబ్బా నిండుగానే ఉంది, అయినా ఇంజిన్ వేడెక్కుతోంది

ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. నిరుడు మే నెలలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా బావగారి కారులో ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. మూడు రోజుల ముందే ఒక గ్యారేజీలో చూపించారు. డబ్బా అంచు దాకా ఉందని చూసి, ఏ ఇబ్బందీ లేదని పంపించారు. రోడ్డు పక్కన ఆపి, గంటసేపు చల్లారనిచ్చి, తడి గుడ్డ వేసి రేడియేటర్ మూత తీస్తే మెడలో ద్రవమే కనిపించలేదు. లీటరుకు పైగా నీళ్లు పట్టాయి. మూత తిరగేసి చూస్తే రబ్బరు రింగు గోరుతో నొక్కినా లొంగకుండా బిళ్లలా గట్టిపడి, అంచున సన్నగా పగిలి ఉంది.

కారణం ఇది. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న కార్లలో, వేడికి పెరిగిన కూలెంట్ ఆ మూతను తోసుకుని డబ్బాలోకి వస్తుంది. చల్లబడినప్పుడు అదే మూతలోని చిన్న వాల్వు తెరుచుకుని దానిని వెనక్కి పీల్చుకుంటుంది. రబ్బరు పాడైతే ద్రవానికి బదులు గాలి లోపలికి పోతుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది, డబ్బా మాత్రం నిండుతుంది. వాల్వు బిగుసుకుపోతే ఉదయం చూసేసరికి పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. మూత మార్చడం చిన్న ఖర్చే. కొత్తదాని మీది ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవాలి. ఇలాంటి కార్లలో నెలకోసారైనా, పూర్తిగా చల్లారాక, రేడియేటర్ మెడ దాకా ద్రవం ఉందో లేదో కూడా చూడండి.

ట్రాఫిక్‌లో వేడి, హైవేలో మామూలు

ఇది దాదాపుగా ఫ్యాన్ సమస్య. బండి ఆగి ఉన్నప్పుడు గాలి తోలేది ఫ్యానే. ఏసీ వేయండి, చాలా కార్లలో కొద్దిసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, చివరగా మోటారు అనే వరుసలో చూడాలి. తాళం తీసేసినా ఫ్యాన్ తనంతట తాను మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి చేతులు దూరంగా ఉంచండి.

దీనికి విరుద్ధంగా, సిటీలో బాగుండి హైవేలోనో ఘాట్‌లోనో వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయి ఉంటుంది. ఇంజిన్ ఉడుకుతున్నా రేడియేటర్, కింది హోస్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోవడం లేదు. దానిని పీకేసి నడపమని సలహా ఇచ్చేవారున్నారు, ఒప్పుకోకండి. ఇంజిన్ తగిన వేడికి చేరక మైలేజీ తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొత్తది వేయించండి.

ఎక్కడా తడి లేదు, మట్టం మాత్రం తగ్గుతోంది

ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తోందా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాల కాఫీ రంగు నురగ ఉందా, ఇంజిన్ నడుస్తుండగా డబ్బాలో బుడగలు వస్తున్నాయా చూడండి. వీటిలో ఏది కనిపించినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీల్) మీదే అనుమానం. బండి నడపడం ఆపి, వర్క్‌షాప్‌లో ప్రెషర్ పరీక్ష చేయించాలి. కూలెంట్‌లోకి పొగ చేరుతోందో లేదో రసాయనం రంగు మార్పుతో చెప్పే పరీక్ష కూడా ఉంది. ఇవి చేయకుండానే ఇంజిన్ విప్పుదామంటే ఆగమనండి.

కూలెంట్ తుప్పు రంగులో ఉంది

బోరు నీళ్లు పోసిన ఫలితమిది. నల్లగొండలో, రాయలసీమలో చాలాచోట్ల నీటిలో కఠినత్వం ఎక్కువ. ఇంట్లో గీజర్ రాడ్‌కు పట్టే తెల్లని పొరే రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ పడుతుంది. మనకు మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు అనేవారు దానిలోని తుప్పు నిరోధకాల సంగతీ, మరుగు స్థానం పెంచే గుణం సంగతీ మరచిపోతారు. పాతదంతా తీయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, మాన్యువల్ చెప్పిన రకమే నింపించండి. రంగు చూసి రకం నిర్ణయించకండి; ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి, కలిపితే నిరోధకాలు దెబ్బతినవచ్చు. కొన్న కూలెంట్ డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే నీళ్లు కలపకూడదు, కాన్సంట్రేట్ అయితే సగానికి సగం కలపాలి. పాత కూలెంట్ తియ్యగా ఉండి కుక్కలను ఆకర్షిస్తుంది, అది విషం. మూత ఉన్న డబ్బాలో పట్టి వర్క్‌షాప్‌కు ఇవ్వండి.

దారిలో ఎర్ర దీపం వెలిగితే

ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, సురక్షితమైన చోట బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్ వంగిపోయే ప్రమాదముంది. కనీసం ముప్పావు గంట చల్లారాకే మూత తీయండి. కూలెంట్ దొరక్కపోతే బాటిల్ నీళ్లు పోసి గమ్యం చేరవచ్చు, తర్వాత మార్పించుకోవాలి. నింపాక కొద్దిసేపు నడిపి, లోపలి గాలి పోయి మట్టం దిగితే చల్లారాక మళ్లీ నింపండి. మరుసటి ఉదయం ఇంకోసారి చూడండి.